సాఫ్ట్‌వేరు నిర్మాణములో వాడుకరుల పాత్ర

కంప్యూటరుచే పని చేయించు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరు అని పేరు. ప్రోగ్రామర్లు వ్రాసిన ఈ ఆజ్ఞల మూలరూపమును సోర్స్ కోడ్ అందురు. పెక్కు వ్యాపార సంస్థలు దీనిని రహస్యముగా ఉంచును. దీనిని ఎవరైనను చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అనుమతి యున్నచో అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. దానిని కేవలము వాడుకొనువారు దాని నడకను మార్చగలరా? మార్చగలరనియే చరిత్ర చెప్పుచున్నది.

1991 ఆగస్టులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను వ్రాయుచున్న ఆపరేటింగ్ సిస్టములో ఏ సౌకర్యములు కావలెనో తెలుపుడని కంప్యూటరు వాడుకరులను బహిరంగముగా కోరెను. అదియే తరువాత లినక్స్ అని ప్రసిద్ధి చెందినది. కొద్ది నెలలకు జర్మనీలోని వాడుకరి యొకడు తన కష్టము తెలిపెను. అతని యంత్రములో ర్యామ్ 2 మెగాబైట్లు మాత్రమే. సోర్స్ కోడును యంత్రభాషలోనికి మార్చు కంపైలరుకు ఆ చోటు చాలలేదు. టోర్వాల్డ్స్‌కు స్వయముగా ఈ ఇబ్బంది లేదు. అయినను, ర్యామ్ చాలనప్పుడు తక్షణము అక్కరలేని భాగములను డిస్కుపైకి మార్చి, కావలసినపుడు తిరిగి తెచ్చు ఏర్పాటును ఆయన సిద్ధపరచెను. 1992 జనవరి నాటి 0.12 కూర్పులో అది చేరినది. ఒకని అవసరము అందరికిని సౌకర్యమైనది.

ఇచట గమనింపదగిన విషయము, ఆ వాడుకరి తన ఇబ్బందిని స్పష్టముగా చెప్పుట. “పనిచేయుట లేదు” అన్నంత మాత్రమున ప్రయోజనము స్వల్పము. ఏ కూర్పు, ఏ యంత్రము, ఏ వరుసలో ఏమి చేయగా లోపము కనబడినది అను వివరములున్నచో, ప్రోగ్రామరు ఆ లోపమును తనయొద్ద మరల కలిగించి పరీక్షింపగలడు. ప్రయోగశాలలో ఒకరి ప్రయోగమును వేరొకరు చేసి సరిచూచుట వంటిదే ఇది.

ధనసహాయమును ఒక మార్గమే. త్రిమితీయ చిత్రములను, యానిమేషన్‌ను రూపొందించు బ్లెండర్ అను సాఫ్ట్‌వేరును నడపిన సంస్థ 2002లో మూతపడినది. 1,00,000 యూరోలు చెల్లించినచో సోర్స్ కోడును విడుదల చేయుటకు పెట్టుబడిదారులు అంగీకరించిరి. దాని నిర్మాత టోన్ రూసెండాల్ పిలుపునందుకొని వాడుకరులు ఏడు వారములలో ఆ మొత్తమును సమకూర్చిరి. 2002 అక్టోబరు 13న బ్లెండర్ అందరి సొత్తయ్యెను. వాడుకరులు ఉపేక్షించియున్నచో ఆ కృషి మరుగునపడెడిది.

కోరిన ప్రతి మార్పును నిర్వాహకులు ఒప్పుకొనవలెనను నియమము లేదు. అయితే వారితో పొసగనివారు సోర్స్ కోడును తీసికొని వేరుగా సాగవచ్చును. 2010లో ఓపెన్ఆఫీస్ నుండి లిబ్రేఆఫీస్ ఇట్లే వేరుపడినది. ఈ హక్కు ఉండుటచేతనే వాడుకరుల మాటకు బలము కలుగుచున్నది.

ప్రోగ్రాము వ్రాయుట రానివారును దూరముగా ఉండనక్కరలేదు. ఫైర్‌ఫాక్స్ మొదలగువాని మెనూలను తెలుగులోనికి తెచ్చినవారు స్వచ్ఛంద సేవకులే. ఒక తెలుగు సంయుక్తాక్షరము తెరపై తప్పుగా కనబడినపుడు, దానిని మొదట గుర్తింపగలవాడు తెలుగు చదువరియే. ఆ తప్పును వివరముగా వ్రాసి పంపిన విద్యార్థియు ఆ సాఫ్ట్‌వేరు నిర్మాణములో పాలుపంచుకొన్నవాడే యగును.