తిత్తి బిగించే ముందు కొలిమి చూసుకోవాలి!

హైదరాబాద్ పాతబస్తీ :

శ్రీశైలం రోడ్డు మీదుగా పట్నం వచ్చే మన రైతులకు చాంద్రాయణగుట్ట దాటితే చాలు, సగం పని అయినట్లే. ట్రాక్టరు ఇంజను బోరుకు వచ్చినా, ఆయిలు ఇంజను క్రాంకు అరిగినా, హెడ్డు చిట్లినా పాతబస్తీ సందుల్లో ఎవరో ఒక మిస్త్రీ దొరుకుతాడు. హెడ్డును గోనెసంచిలో చుట్టి బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని వచ్చేవారిని ఆ దారిన తిరిగే కండక్టర్లందరూ చూసే ఉంటారు.

ఆ మధ్య అలాంటి ఓ షెడ్డు ముందు వేరే రకం బేరం కనిపించింది. మన వైపు కుర్రాడే. వయసు ఇరవై నాలుగు. పాత పెట్రోలు కారు ఒకటి కొని, రంగు వేయించి, వెడల్పు టైర్లు వేయించి తెచ్చాడు. వెనుక సీటులో అట్టపెట్టె. అందులో ఎవరో వాడి అమ్మిన సూపర్‌ఛార్జర్. పత్తి అమ్మిన డబ్బులో లక్షకు పైగా దానికే పోయిందట. పక్కనే తండ్రి, తలకు తువ్వాలు చుట్టుకుని, నోరు విప్పకుండా నిలబడి ఉన్నాడు.

"చాచా, రేపు సాయంత్రానికి బిగించి ఇయ్యాలె" అన్నాడు కుర్రాడు.

మిస్త్రీకి అరవై దాటి ఉంటాయి. ఆ సందులో అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు. పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. "బిగించుడు ఒక్క దినం పని బేటా. బిగించినంక ఎన్నిసార్లు విప్పాలెనో అది మాత్రం చెప్పలేను" అని, కారు బానెట్ ఎత్తి స్పార్క్ ప్లగ్గులు ఊడదీయడం మొదలుపెట్టాడు.

ముల్లు చెప్పిన సంగతి

ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి, కుర్రాణ్ని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. మొదటి సిలిండరులో ముల్లు 170 దాకా లేచింది. రెండోది, నాలుగోది ఇంచుమించు అంతే. మూడో దానిలో 120 దగ్గరే ఆగిపోయింది. ఆ సిలిండరులో ఓ చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూశాడు. ఈసారి 150 వచ్చింది.

ఇది తెలుసుకోదగిన కిటుకు. ఆయిలు పోయగానే ఒత్తిడి పెరిగిందంటే, ఆ ఆయిలు పిస్టన్ రింగుల సందును కాసేపు మూసిందన్నమాట. అంటే రింగులో, బోరో అరిగాయి. ఆయిలు పోసినా ముల్లు కదలకపోతే వాల్వుల దగ్గరో, హెడ్ గాస్కెట్ దగ్గరో లీకు ఉందని అనుమానించాలి. ట్రాక్టరు పెట్టుకున్నవారికి ఇందులో సగం తెలిసిన సంగతే. అయితే డీజిలు ఇంజనులో ఈ ఒత్తిడి రెండింతలకు పైగా ఉంటుంది. దానికి గేజి వేరు.

"లోపల ఉన్న గాలినే ఆపలేని సిలిండరుకు ఇంకింత గాలి కొడతనంటవా?" అన్నాడు చాచా. కుర్రాడి ముఖం వాడిపోయింది.

తిత్తి కథ

సూపర్‌ఛార్జర్ అంటే ఏమిటో మన ఊరి కమ్మరి కొలిమి చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు. అది తిత్తి. మామూలు ఇంజను తనంతట తాను పీల్చుకున్నంత గాలితోనే పని చేస్తుంది. సూపర్‌ఛార్జర్ ఆ గాలిని బలవంతంగా లోపలికి కొడుతుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, మంట పెరిగితే బలం పెరుగుతుంది. దీన్ని ఇంజను క్రాంకే బెల్టు ద్వారా తిప్పుతుంది. టర్బో చేసే పనీ ఇదే కానీ, దాన్ని తిప్పేది సైలెన్సరు వైపు పోయే వేడి పొగ.

పోలిక ఊరికే చెప్పడం లేదు. అమెరికాలో రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో పేటెంటు పొందిన గాలియంత్రం మొదట కొలిమి బట్టీలకే ఉపయోగపడింది. జర్మనీవారు మెర్సిడెస్ కార్లకు సూపర్‌ఛార్జర్లు బిగించి మార్కెట్లోకి తెచ్చింది 1920ల మొదట్లో. ఈనాటికీ కార్లకు బిగించే సూపర్‌ఛార్జర్లలో ఒక రకాన్ని రూట్స్ పేరుతోనే పిలుస్తారు.

తిత్తి గట్టిగా ఊదితే ఇనుము ఎర్రబడుతుంది. ఇంకా ఊదితే రవ్వలు చిమ్ముతూ ఇనుమే కాలిపోతుంది. ఇంజనులో పిస్టన్‌కు పట్టే గతీ అదే.

ముందు లెక్క, తరువాత పానా

చాచా లోపలికి వెళ్లి సుద్దముక్క తెచ్చాడు. షెడ్డు గోడ మీద లెక్క రాయడం ఆయన అలవాటట. మొదట అడిగింది ఒకటే ప్రశ్న. "ఎంత బలం గావాలె?"

"ఎంత వస్తే అంత" అన్నాడు కుర్రాడు.

చిక్కంతా అక్కడే ఉంది. ఎంత కావాలో తేలితేనే మిగతావన్నీ తేలుతాయి. ఆ కారుది 1,600 సి.సి. ఇంజను. బలం వంద హార్స్‌పవర్ అటూ ఇటూ. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే అది దాదాపు 4,800 లీటర్ల గాలి పీల్చుతుంది. అంటే 200 లీటర్ల డ్రమ్ములు ఇరవై నాలుగు. సూపర్‌ఛార్జర్‌తో గాలి ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేస్తే, కాగితం మీద అది ముప్పై ఆరు డ్రమ్ములవుతుంది. కాగితం మీద అని ఎందుకన్నానంటే, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టి చూడండి, అడుగున చెయ్యి కాలుతుంది. మన ఎండకు 35 డిగ్రీల్లో ఉన్న గాలి ఆ మాత్రం నొక్కుడుకే 90 డిగ్రీల దాకా పోవచ్చు. వేడి గాలి పలుచన. పైగా సూపర్‌ఛార్జర్‌ను తిప్పడానికి ఇంజను తన బలంలోనే కొంత ఖర్చు పెట్టాలి. అందుకే నలభై యాభై హార్స్‌పవర్ పెరిగితే బాగా పెరిగినట్లే లెక్క.

ఆ వేడిని తగ్గించడానికి దారిలో ఇంటర్‌కూలర్ ఉండాలి. లేకపోతే స్పార్కు సరిగా పడకముందో, పడిన వెంటనే ఓ మూల నుంచో పెట్రోలు తనంతట తాను భగ్గుమంటుంది. మిస్త్రీలు దీన్నే నాకింగ్ అంటారు. పైనుంచి సుత్తితో కొట్టినట్లు టకటక చప్పుడు వస్తుంది. కొన్ని క్షణాలు చాలు, పిస్టన్ పగలడానికి.

ఇది రాకుండా ఉండాలంటే మూడు జాగ్రత్తలు చెప్పాడు చాచా. స్పార్కు పడే సమయాన్ని కాస్త వెనక్కి జరపాలి. మేలురకం పెట్రోలు పోయాలి. మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు కంటే మేలైనదానికి ధర ఎక్కువ. మూడోది, ఇంజను లోపలి నొక్కుడు తగ్గించాలి. ఆ ఇంజను తాను పీల్చిన గాలిని పదింట ఒక వంతుకు నొక్కుతుంది. బయట నుంచి ముందే నొక్కి పంపుతున్నప్పుడు లోపల అంత అక్కరలేదు, తొమ్మిదికో ఎనిమిదిన్నరకో దించుకోవాలి. అందుకు పిస్టన్లు మార్చాలి. మార్చేటప్పుడు పోతపోసినవి కాక, సుత్తి దెబ్బ తిన్నవి, అంటే ఫోర్జ్‌డ్ రకం వేస్తే దెబ్బకు ఆగుతాయి. రింగుల కొసల మధ్య సందు కూడా కంపెనీ చెప్పినదానికంటే కొంచెం ఎక్కువ వదలాలట. వేడికి రింగు సాగి కొసలు ఢీకొంటే రింగుతోబాటు పిస్టన్ అంచు కూడా విరిగిపోతుంది.

గోడ మీద రెండో వరుసలో పెట్రోలు లెక్క రాశాడు. ఆ ఇంజను పూర్తి బలంతో గంటసేపు నడిస్తే సుమారు ముప్పై లీటర్లు తాగుతుంది. సూపర్‌ఛార్జర్‌తో అది యాభై దాటుతుంది. అంత పెట్రోలు అందించే శక్తి పాత పంపుకు, పాత ఇంజెక్టర్లకు ఉందా? గాలి నిండుగా పోయి పెట్రోలు తక్కువైతే పిస్టన్ నడినెత్తిన బెజ్జం పడుతుంది. అలా బెజ్జం పడిన పిస్టన్ ఒకటి షెడ్డులో మేకుకు వేలాడుతోంది. చాచా దాన్ని తీసి తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన అందులోంచి ఆకాశం చూశాడు.

పెట్రోలు, స్పార్కు లెక్కలన్నీ ఇప్పుడు కారులోని కంప్యూటరే చూస్తుంది. ఆ పని తనకు రాదని చాచా దాచుకోకుండా చెప్పాడు. "చెవితో వినే కాలం పోయింది. ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే పోరడు వేరే ఉన్నడు. అతని కూలి కూడా రాసుకో" అన్నాడు. తనకు రాని పనిని రాదని చెప్పే మిస్త్రీని నేను ఎక్కువ మందిని చూడలేదు.

మజ్జిగైన ఆయిలు

ఈ పాఠం నాకు వేరే తీరుగా వచ్చింది. కొన్నేళ్ల కిందట దమ్ము చేసే రోజుల్లో మా పాత ట్రాక్టరు బురదలో బిగుసుకుంటోందని, ఎవరో చెప్పిన మాట విని దానికి పాత టర్బో ఒకటి పెట్టించాను. ఎక్కడ అన్నది ఇప్పుడు అనవసరం. నాలుగు రోజులు ఏనుగులా లాగింది. అయిదోనాడు మడిలో నిలబడి తెల్లపొగ కక్కింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు మజ్జిగలా ఉంది. హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు ఆయిలులో కలిశాయి. నారు ముదిరిపోతుంటే గంటకింతని అద్దె ట్రాక్టరు పెట్టి దమ్ము పూర్తి చేయాల్సి వచ్చింది.

కొత్త ట్రాక్టర్లకు, లారీలకు కంపెనీలోనే టర్బో వస్తోంది కదా అని చాలామంది అడుగుతారు. వస్తోంది. అయితే అలాంటి ఇంజన్లను మొదటినుంచీ ఆ బలానికి తగినట్లే తయారు చేస్తారు. పిస్టన్ల అడుగున ఆయిలు చిమ్మి చల్లబరిచే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. రేడియేటరు పెద్దది. క్లచ్చు గట్టిది. పాత ఇంజనుకు టర్బో ఒక్కటే తగిలిస్తే మిగతావి ఎక్కడినుంచి వస్తాయి? అయిదు హార్స్‌పవర్ మోటారుకు వేసిన పాత పైపులైనుకు పది హార్స్‌పవర్ మోటారు తగిలిస్తే ఏ జాయింటు దగ్గర పగులుతుందో మనకు తెలియనిది కాదు.

చౌమహల్లాలో పసుపు బండి

చాచా కారు విప్పుతున్నంతలో తండ్రీకొడుకులతో కలిసి చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాను. చార్మినార్‌కు దగ్గరే, ఖిల్వత్‌లో ఉంది. అక్కడి పాత కార్లలో పసుపు పచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడని యాత్రికుడు ఉండడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని చేయించుకోవడానికి పురమాయించాడు. 1911లో ఆయన చనిపోయాడు. బండి తయారైంది 1912లో. ఆ తరువాత కూడా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే.

ఆ ఇంజను 7,400 సి.సి. పైచిలుకు, ఆరు సిలిండర్లు. బలం మాత్రం సుమారు యాభై హార్స్‌పవరే. ఈనాడు 1,200 సి.సి. చిన్న కారు ఎనభై ఇస్తోంది. ఆనాటి పెట్రోలు నాసిరకం, నొక్కుడు తక్కువ, చుట్లూ తక్కువ. అది విని కుర్రాడు ఆశ్చర్యపోయాడు. బలం ఇంజను సైజులో మాత్రమే లేదని, అది ఎంత గాలిని ఎంత వేగంగా మండించి ఆ దెబ్బకు తట్టుకోగలదన్న దానిలో ఉందని చాచా చెప్పింది అతనికి అక్కడే తలకెక్కినట్లుంది.

ఆ రోల్స్‌రాయిస్ కంపెనీయే 1931లో బెంట్లీ అనే మరో ఇంగ్లీషు కంపెనీని కొనేసింది. అంతకు రెండేళ్ల ముందు బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారుకు సూపర్‌ఛార్జర్ పెట్టాలని బిర్కిన్ అనే పందెగాడు పట్టుబట్టాడు. ఇంజను తయారు చేసిన బెంట్లీ దొర వద్దన్నాడు. బలం కావాలంటే ఇంజనునే పెద్దది చేద్దామని ఆయన వాదన. బిర్కిన్ వినలేదు. 110 హార్స్‌పవర్ ఇంజను పందెం కార్లలో 240 దాకా పోయింది. వేగంలో దానికి ఎదురు లేకపోయింది. కానీ 1930లో ఫ్రాన్సులో జరిగిన 24 గంటల లెమాన్స్ పందెంలో సూపర్‌ఛార్జర్ బండ్లు రెండూ మధ్యలోనే మూలబడ్డాయి. మొదటి రెండు స్థానాలూ బెంట్లీలకే వచ్చాయి. అవి సూపర్‌ఛార్జర్ లేని ఆరున్నర లీటర్ల బండ్లు.

గోడ మీద చివరి వరుస

మేము తిరిగి వచ్చేసరికి గోడ నిండింది. బోరింగు, పిస్టన్లు, రింగులు, కనెక్టింగ్ రాడ్లు, వాటి బోల్టులు. ఉక్కు రేకుల హెడ్ గాస్కెట్. రేడియేటరు, ఆయిలు కూలరు, ఇంటర్‌కూలర్. పంపు, ఇంజెక్టర్లు, ల్యాప్‌టాప్ పోరడి కూలి. క్లచ్చు. అన్నిటికంటే కింద సూపర్‌ఛార్జర్ బిగింపు కూలి. అన్నిటిలో చిన్న మొత్తం అదే.

అప్పటిదాకా మాట్లాడని తండ్రి ఆ పట్టీని పైనుంచి కిందకు చదివి, "ఉరికే దానికి ఇంత రాసినవు గదా అన్నా, ఆగేదానికి ఏం రాయలే?" అని అడిగాడు.

చాచా ఓ క్షణం ఆయన వైపు చూసి, క్లచ్చు పైన ఇంకో వరుస ఇరికించి బ్రేకులు అని రాశాడు.

నేను కూడా ఓ మాట కలిపాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషను పత్రంలో రాసినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. కాబట్టి ఆర్.టి.ఏ. కార్యాలయంలో అడగకుండా, ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా ఇంజనును ఇలా మార్చి రోడ్డెక్కితే, ప్రమాదం జరిగిన రోజున నష్టపరిహారం దగ్గర పేచీ వస్తుంది. మాటలు విని కుర్రాడు పెట్టె మీద కూర్చుండిపోయాడు.

బేరం ఆ సాయంత్రానికి తెగింది. ప్రస్తుతానికి బోరింగు, మామూలు రింగులు, బ్రేకులు మాత్రమే. వెయ్యి కిలోమీటర్లు నిదానంగా తిప్పి, మళ్లీ గేజి పెట్టి, నాలుగు సిలిండర్లూ సమానంగా వస్తే అప్పుడు, ఆర్.టి.ఏ. వారి మాట కూడా విన్నాక, పిస్టన్ల సంగతి మాట్లాడుకోవాలని ఒప్పందం. అట్టపెట్టెను తాడుతో కట్టి తండ్రి బస్సులో ఊరికి తీసుకుపోయాడు. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

పెట్టె ఇప్పుడు వాళ్లింట్లో ఎరువు బస్తాల పక్కన ఉంది. మొన్న కుర్రాడు ఫోన్ చేశాడు. 640 కిలోమీటర్లు అయ్యాయట.