జాబులు మిగులని యుద్ధము

భద్రాచలమునందు గోదావరి గట్టున నిలిచి చూచినచో ఆవలి దరిని బూర్గంపాడు ప్రాంతము కనబడును. నేడు వంతెనమీదుగ క్షణములలో దాటిపోవుచున్నాము. కాని 1948వ సంవత్సరము నాటికి ఈ నది రెండు ప్రభుత్వములకు నడుమ ఎల్ల. ఈ దరి మద్రాసు రాష్ట్రము. ఆ దరి నైజాము సంస్థానము. ఖమ్మము అప్పటికి వరంగల్లు జిల్లాలో ఒక భాగము. వేరు జిల్లాయైనది 1953లో. ఈ ప్రాంతపు అడవులలో ఒకే దేశమువారు తమలో తాము పోరిన యుద్ధమొకటి నడచినది. ఆ యుద్ధములో తుపాకి పట్టిన సామాన్యుడు తన యింటికి ఏమని జాబు వ్రాసెను? ఈ ప్రశ్నతో బయలుదేరినవారికి మొదట ఎదురగునది శూన్యమే.

ఇతర దేశముల సంగతి ఇట్లు కాదు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమున ఇరుపక్షముల సైనికులును ఇండ్లకు వ్రాసిన జాబులు, వారి దినచర్యలు వేలకొలదిగ అక్కడి గ్రంథాలయములలో భద్రముగ నున్నవి. ఆ సైనికులలో పెక్కుమంది చదువు నేర్చినవారు, టపా నడచుచుండెను, అందిన జాబును తల్లియో భార్యయో పెట్టెలో దాచుకొనెను. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సునకు పోయిన మన భారతీయ సైనికులలో చాలమందికి వ్రాత రాదు. ఇతరులచేత వ్రాయించుకొన్న వారి జాబులను సైన్యపు తనిఖీ అధికారులు చదివి, అందలి భాగములను ఇంగ్లీషులోనికి మార్చి నివేదికలలో చేర్చిరి. ఆ నివేదికలు నేటికిని లండనులో నున్నవి. అసలు జాబులలో హెచ్చుభాగము పోయినది. వానిని అనుమానించి చదివినవాని నకలు మిగిలినది!

తెలంగాణపు రైతుపోరాటమునకు ఈ రెండు భాగ్యములును పూర్తిగ లభింపలేదు. సంస్థానమున నూటికి పదిమందికైనను చదువు లేని కాలమది. ఉన్న కొద్దిపాటి బడులలోను ఉర్దూదే పైచేయి. అడవిలోని కోయల భాష ప్రధానముగ నోటిభాషయే. చదువు వచ్చినవానికిని జాబు ప్రాణాపాయమే. అందొక ఊరిపేరు దొరికిన ఆ ఊరిమీద దాడి జరుగును. ఒక మనిషిపేరు దొరికిన ఆ యిల్లు కూలును. కనుక చేతికందిన చీటీని చదివి నాశనము చేయుట రహస్యజీవితమున మొదటి పాఠము. సొంతపేరు విడిచి మారుపేరు పెట్టుకొనుట రెండవ పాఠము. గోదావరి అడవులలో దళములు నడిపిన మల్లు స్వరాజ్యమును అక్కడివారు ‘రాజక్క’ యనియే ఎరుగుదురు.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప ఆ పోరాటము సాయుధరూపము దాల్చినది. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్యతో నైజాము ప్రభుత్వము లొంగిపోయినది. కాని పోరాటము ఆగలేదు. మైదానములలో నిలువలేని దళములు గోదావరి అడవులలో చొచ్చినవి. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడినది. నాలుగువేలమంది ప్రాణములు కోల్పోయిరనియు, పదివేలమందికి పైగ మూడు నాలుగేండ్లు నిర్బంధమున నుండిరనియు పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. ఆయన ఉద్యమ నాయకుడు గనుక వీనిని ఒక పక్షపు లెక్కలుగనే గ్రహింపవలెను.

మరి మిగిలినదేమి? ప్రభుత్వపు దస్త్రములు మిగిలినవి. వానిలో పేరు, తండ్రిపేరు, గ్రామము, మోపిన నేరము ఉండును. ఆకలి యుండదు, భయముండదు. నాయకుల స్వీయచరిత్రలు మిగిలినవి: రావి నారాయణరెడ్డి, నల్లా నరసింహులు, ఆరుట్ల రామచంద్రారెడ్డి తమ అనుభవములను గ్రంథస్థము చేసిరి. ఖమ్మములో చదువుకొన్న దాశరథి నిజామాబాదు చెరసాలలో కాగితము లేక గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసెను. ఆ గోడ చెరిపినను ఆయన కంఠమున పద్యము నిలిచినది. పద్యము రానివాని గోడ మాత్రము ఖాళీగనే నిలిచినది.

ఆ ఖాళీని కొంత పూరించిన గ్రంథము 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. పోరాటమున పాల్గొన్న స్త్రీలను వెదకి, వారు చెప్పినది చెప్పినట్లు వారి పలుకుబడిలోనే అచ్చువేసిరి. అడవిలో కన్న పసిబిడ్డను విడువవలసి వచ్చిన తల్లి వేదన అందు గలదు. ఏ పోలీసు దస్త్రమును దానిని వ్రాయలేదు; ఏ నాయకుని గ్రంథమును ఆమె వలె వ్రాయజాలదు. ఆ గ్రంథమునకు తమ మాట నిచ్చినవారిలో మల్లు స్వరాజ్యము ఒకరు. ఆమె 2022 మార్చి 19న కన్నుమూసినది.

కాగితము లేనివానికి కలుగు నష్టము చరిత్రకే పరిమితము కాదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల కొరకు కేంద్రప్రభుత్వము ఏర్పరచిన పింఛను పథకమున, ఆరు నెలలు చెరసాలలో నుండినట్లు నిదర్శనము చూపుట ముఖ్యమైన నిబంధనలలో ఒకటి. అట్టి నిబంధన యెదుట, మారుపేరుతో తిరిగినవాడు తన్ను తానెట్లు నిరూపించుకొనును? జావ పోసి దారిచూపిన కోయ తన సాయమును ఏ రశీదుతో చూపును? సైన్యము గూడెములను ఖాళీచేయించి వారిని శిబిరములకు తరలించినపుడు వారు పడిన బాధను వారి నోట విని వ్రాసినవారు మిక్కిలి తక్కువ. ఆవలి పక్షమున తుపాకి పట్టి, ఎక్కడినుండియో ఈ అడవికి వచ్చిన జవాను కూడ ఒక తల్లిబిడ్డయే. అతని మాటయు మనకు వినబడలేదు.

పోలీసుచర్య అనంతరము జరిగిన హత్యాకాండపై పండిత సుందర్‌లాల్ సంఘము వ్రాసిన నివేదికను ప్రభుత్వము దశాబ్దములు మరుగుపరచినది. ఐనను అది తుదకు బయటికి వచ్చి పరిశోధకుల చేతికందినది. దాచిన కాగితము ఒకనాటికైనను వెలుగు చూచును. చెప్పని జ్ఞాపకము మనిషితోనే మట్టిలో కలియును.

కావున ఉపాధ్యాయ మహాశయులకు, విద్యార్థులకు ఒక మనవి. నాటి యోధులలో నేడు మిగిలినవారు బహుస్వల్పము; వారి బిడ్డలును వృద్ధులైరి. మీ ఊరి పాతపెట్టెలలో జైలు విడుదల చీటీ, పింఛను దరఖాస్తు నకలు, మాసిన ఛాయాపటము ఉండవచ్చును. యజమాని అనుమతితో నకలు తీయుడు. అసలును వారియొద్దనే ఉంచుడు. పెద్దలు చెప్పినది వారి యాసలోనే వ్రాయుడు, దిద్దకుడు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక చేర్చుడు. జ్ఞాపకము తేదీలలో తప్పవచ్చును. దస్త్రము మనసును తప్పును. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుట బాలురకు నేర్పుడు. ఒక ప్రతి మీ బడి గ్రంథాలయమున నుండనిండు.

నాడు అడవిలో ఆ సామాన్యుడు జాబు వ్రాయలేదు, వ్రాసినను నిలువనీయలేదు. అతని మనుమలు చెప్పగా మనము వ్రాయు నాలుగు పంక్తులే, ఆలస్యముగనైనను, అతడు ఇంటికి పంపిన జాబు.