డాల్ఫినుకు గుర్తింపు కార్డు

కర్మాగారం ద్వారం వద్ద మనలో ప్రతి ఒక్కరూ ఫోటోతో కూడిన గుర్తింపు కార్డు చూపవలసినదే. నీటిలో సంచరించే డాల్ఫినుకు కూడా అటువంటి కార్డు ఒకటి ఉన్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది. దాని వీపు మీది రెక్కయే ఆ కార్డు.

సముద్రానికి దూరంగా రాయపూర్ శంకర్ నగర్‌లో నివసిస్తున్నప్పటికీ తెలుగువారమైన మనకు ఈ విషయం పరాయిది కాదు. 1852లో విశాఖపట్నం రేవులో లభించిన నమూనా ఆధారంగానే, ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో ఇరావతి డాల్ఫినును శాస్త్రలోకానికి పరిచయం చేశారు. పేరు బర్మా నదిది. తొలి ఆనవాలు మన తీరానిది. నేడు పొరుగున ఉన్న ఒడిశాలోని చిలికా సరస్సు ఈ జాతికి ముఖ్యమైన నివాసం.

శ్వాస కోసం డాల్ఫిను పైకి వచ్చేది క్షణకాలమే. ఆ క్షణంలోనే పడవపై నుండి రెక్కను పక్కవైపుగా ఫోటో తీయాలి. రెక్క అంచులోని గంట్లు, పాత గాయాల మచ్చలు ఒక్కొక్క జీవికి ఒక్కొక్క తీరుగా ఉంటాయి. ఇరావతి డాల్ఫిను రెక్క చిన్నది, మొద్దుగా ఉండేది కనుక పని మరింత కష్టం. దీపానీ సుతారియా, హెలెన్ మార్ష్ ఈ పద్ధతితో చిలికా డాల్ఫిన్ల సంఖ్యను అంచనా వేసి, 2011లో ప్రచురించారు.

లెక్క సులభమే. ఉదాహరణకు, మొదటి విడతలో 40 డాల్ఫిన్లను, రెండవ విడతలో 30ని గుర్తించామనుకుందాం. రెండింటిలోనూ కనిపించినవి 12 అయితే, 40ని 30తో హెచ్చవేసి 12తో భాగించగా 100 వస్తుంది. గుర్తులు లేని జీవుల నిష్పత్తిని దీనికి విడిగా జోడించాలి.

ఇంజనీర్లమైన మేము కొలతలో దోషమెంత అని ముందుగా అడుగుతాము. మసక ఫోటోల వలన ఆ 12లో రెండింటిని పోల్చుకోలేకపోతే, జవాబు 120 అవుతుంది. లేని 20 డాల్ఫిన్లు కాగితం మీద పుడతాయి! వలలలో చిక్కి, మరపడవల తాకిడికి గురై కొన్ని మరణిస్తున్నా, అంతా క్షేమమేనని భ్రమ కలుగుతుంది. అందుకే స్పష్టంగా లేని ఫోటోను నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టాలి.

సెలవులలో పిల్లలతో చిలికా తీరంలోని సాతపడాకు వెళ్ళేవారికి మా మనవి ఒక్కటే. డాల్ఫిన్లను వెంబడించవద్దని, దూరంగానే ఇంజను ఆపమని పడవవానికి చెప్పండి. ఆ రెక్కపై మరొక గాయం పడితే గుర్తుపట్టడం సులభం కావచ్చు. కానీ అటువంటి గుర్తును ఏ పరిశోధకుడూ కోరుకోడు.