నలుగురికి ఒక క్యూబ్ చాలు



హాస్టల్లో ఆటలు అనగానే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్యారమ్స్ గుర్తుకొస్తాయి. ఇప్పుడు మన ట్రంకు పెట్టెల్లోకి మరో ఆటవస్తువు వచ్చి చేరింది. అదే రూబిక్స్ క్యూబ్. జాతరలోనో, బస్టాండు దగ్గర బొమ్మల కొట్లోనో ఒకరు కొంటారు. రెండు రోజులు పది మంది తిప్పుతారు. ఒక వైపు రంగు వస్తుంది, రెండో వైపుకు వెళ్లేసరికి మొదటిది పాడవుతుంది. ఆ తర్వాత క్యూబ్ మూలన పడుతుంది. దీనికి కారణం తెలివి లేకపోవడం కాదు. కలిసి సాధన చేసే పద్ధతి లేకపోవడం. ఎక్కువ ఖర్చు లేకుండా, చదువుకు ఆటంకం లేకుండా, వారానికి ఒక్క గంట ఈ సాధన ఎలా పెట్టుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను.

బొమ్మ నుండి పోటీ దాకా

ఈ క్యూబ్‌ను 1974లో హంగేరీ దేశపు రాజధాని బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ అనే ఆర్కిటెక్చర్ అధ్యాపకుడు తయారు చేశారు. తాను చేసిన బొమ్మను తానే మళ్లీ సరిచేయడానికి ఆయనకు దాదాపు నెల రోజులు పట్టింది. కాబట్టి మీకు వారం రోజులు పట్టినా దిగులు పడకండి.

1982లో అదే బుడాపెస్ట్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. అమెరికా తరఫున ఆడిన మిన్ థాయ్ 22.95 సెకన్లలో సాల్వ్ చేసి గెలిచాడు. ఆ తర్వాత ప్రపంచ పోటీ మళ్లీ జరగడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. అది కెనడాలోని టొరంటోలో జరిగింది. 2004లో వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ ఏర్పడి, అన్ని దేశాలకూ ఒకే నియమావళి తెచ్చింది. ఆ నియమాల ప్రకారం మన హైదరాబాదులోనూ పోటీలు జరుగుతుంటాయి.

2023లో అమెరికాకు చెందిన మాక్స్ పార్క్ 3.13 సెకన్లలో సాల్వ్ చేసి ప్రపంచ రికార్డు సాధించాడు. అతనికి చిన్నప్పుడే ఆటిజం ఉందని తేలింది. వేళ్లకు పని చెప్పాలని తల్లిదండ్రులు క్యూబ్ చేతికిచ్చారు. నలుగురిలో మెలగడం నేర్చుకుంటాడని పోటీలకు తీసుకెళ్లారు. అతను వేళ్ల వేగంతో పాటు వరుసలో నిలబడటం, పక్కవాడిని అభినందించడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. మన ఆదివారం సాధన నుండి కూడా మనం ఆశించవలసింది ముందుగా అదే.

నలుగురి జట్టు

ఇరవై మంది పిల్లలున్నారు, క్యూబ్‌లు అయిదే ఉన్నాయి. ఏం చేయాలి? ఇరవై క్యూబ్‌లు కొనక్కరలేదు. నలుగురికి ఒక క్యూబ్ ఇచ్చి జట్లుగా కూర్చోబెట్టండి. ఒకరు సాల్వ్ చేస్తారు. ఒకరు సమయం చూస్తూ జడ్జిగా ఉంటారు. ఒకరు పుస్తకంలో రాస్తారు. ఇంకొకరు తర్వాతి వారి కోసం క్యూబ్ రంగులను కలగాపులగం చేస్తారు. దీన్ని స్క్రాంబుల్ అంటారు. తర్వాత పనులు మారతాయి. ఇది మన పేదరికం కోసం కనిపెట్టిన చిట్కా కాదు. అంతర్జాతీయ పోటీల్లోనూ తన వంతు ఆడిన పోటీదారు వెళ్లి మరొకరికి జడ్జిగా కూర్చుంటాడు.

అందుకే క్యూబ్ ఎవరిదైనా సరే, ఆ గంటసేపు అది జట్టుది. క్యూబ్ ఉన్నవాడు ఆడేవాడు, లేనివాడు చూసేవాడు అన్న తేడా వచ్చిన రోజు ఆ సాధన ఆగిపోయినట్టే.

అందరికీ ఒకే స్క్రాంబుల్

ఒకరి క్యూబ్ తేలికగా, ఒకరిది కష్టంగా కలగాపులగమైతే "వాడికి సులువుగా ఇచ్చారు" అనే తగాదా వస్తుంది. పోటీల్లో కంప్యూటర్ ఇచ్చిన వరుస ప్రకారం అందరికీ ఒకేలా తిప్పుతారు. మనకు కంప్యూటర్ అక్కరలేదు. పాత నోటుపుస్తకం కాగితంతో పద్దెనిమిది చీటీలు చేయండి. కుడి, ఎడమ, పైన, కింద, ముందు, వెనుక అని ఆరు వైపులు. ఒక్కో వైపుకు మూడు చీటీలు: గడియారం ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు, దానికి ఎదురుగా పావు చుట్టు, సగం చుట్టు. డబ్బాలో వేసి ఒక్కొక్కటిగా తీసి రాసుకోండి. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయండి. ఒకే వైపు వెంటవెంటనే రెండుసార్లు వస్తే రెండోది వదిలేయండి. ఇరవై అయిదు కదలికలు రాస్తే ఒక స్క్రాంబుల్ సిద్ధం. శనివారం రాత్రి అయిదు స్క్రాంబుల్‌లు రాసి ఉంచితే ఆదివారానికి సరిపోతాయి. తెలుపు పైన, ఆకుపచ్చ ముందు ఉండేలా పట్టుకుని తిప్పాలని అందరికీ చెప్పండి. చవక క్యూబ్‌ల్లో రంగుల అమరిక తేడాగా ఉండవచ్చు. అలాంటి క్యూబ్ ఉన్న జట్టు ఏ రంగు పైన, ఏ రంగు ముందు అన్నది ఒకసారి నిర్ణయించుకుని దాన్నే పాటించాలి.

సమయం, లెక్క

ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు. పీ.ఈ.టీ. సార్ స్టాప్‌వాచ్ అయినా, సెకన్ల ముల్లున్న గోడ గడియారం అయినా చాలు. సాల్వ్ చేసే ముందు క్యూబ్‌ను చూసుకోవడానికి 15 సెకన్ల సమయం ఉంటుంది. జడ్జి 8వ సెకను దగ్గర ఒకసారి, 12వ సెకను దగ్గర ఒకసారి గుర్తు చేయాలి. 15 దాటి మొదలుపెడితే 2 సెకన్లు కలుపుతారు, 17 దాటితే ఆ ప్రయత్నం చెల్లదు. చివరలో ఒక వైపు సగానికి పైగా వంకరగా ఆగిపోయినా 2 సెకన్లు కలుస్తాయి.

ప్రతి ఒక్కరూ అయిదుసార్లు చేయాలి. అయిదింటిలో మంచి సమయాన్నీ, చెడ్డ సమయాన్నీ తీసేసి మిగతా మూడింటి సగటు కట్టాలి. ఉదాహరణకు 62, 55, 71, 58, 90 సెకన్లు వచ్చాయనుకోండి. 55, 90 తీసేస్తే మిగిలినవి 62, 71, 58. మొత్తం 191, మూడుతో భాగిస్తే సగటు 63.67. అదృష్టవశాత్తు ఒకసారి బాగా వచ్చినా, చేయి జారి ఒకసారి చెడినా అసలు స్థాయి మారదు. అదీ ఈ లెక్కలోని న్యాయం.

పుస్తకంలో ర్యాంకులు వేయకండి. ప్రతి ఒక్కరికీ ఒక పేజీ ఇచ్చి వారం వారం సగటు రాయండి. నాలుగు నిమిషాల నుండి రెండు నిమిషాలకు వచ్చిన ఆరో తరగతి పిల్లవాడి పేజీ, నలభై సెకన్ల సీనియర్ పేజీ కంటే తక్కువది కాదు. నెమ్మదిగా చేసేవారిని చూసి ఒక్కరు నవ్వినా, వచ్చే ఆదివారం ఆ పిల్లవాడు రాడు. ఈ ఒక్క విషయంలో పెద్దలు గట్టిగా ఉండాలి.

కొత్తవారికి ఎలా నేర్పాలి?

ముందు బొమ్మ నిర్మాణం చెప్పండి. నడిమి ముక్కలు 6. అవి ఒకదానికొకటి స్థానం మారవు, కాబట్టి నడిమి రంగే ఆ వైపు రంగు. రెండు రంగుల అంచు ముక్కలు 12, మూడు రంగుల మూల ముక్కలు 8. ఇది అర్థమైతే "ఒక్కో వైపు రంగు పేర్చాలి" అన్న అపోహ పోతుంది. వైపుల వారీగా కాదు, అంతస్తుల వారీగా కట్టాలి. ముందు కింది అంతస్తు, తర్వాత మధ్యది, చివరగా పైది. వారానికి ఒక అంతస్తు నేర్పితే నెల తిరిగేసరికి పిల్లలు సొంతంగా సాల్వ్ చేయగలరు. కొత్తవారికి నేర్పే వంతు, కిందటి నెల నేర్చుకున్నవారికే ఇవ్వండి. ఎక్కడ తికమక పడతారో వారికి బాగా గుర్తుంటుంది.

క్యూబ్ కింద పడి ముక్కలు ఊడిపోతే ఎలా పడితే అలా బిగించకండి. అలా బిగిస్తే అది సాల్వ్ అయ్యే అవకాశం 12లో 1 మాత్రమే. మిగతా సందర్భాల్లో ఎంత మేధావి అయినా దాన్ని పూర్తి చేయలేడు. ఎప్పుడూ అన్ని రంగులూ సరిపోయేలా పేర్చి బిగించాలి. గట్టిగా తిరుగుతోందని కొబ్బరి నూనె వేయకండి. దుమ్ము పట్టి జిగురుగా తయారవుతుంది.

మనం పెట్టుకోవలసిన కట్టుబాట్లు

ముందుగా వార్డెన్ గారి అనుమతి తీసుకోండి. ఆదివారం ఒక గంట, అదీ బట్టలు ఉతుక్కోవడం అయ్యాక. స్టడీ అవర్లో క్యూబ్ బయటికి రాకూడదు. పదో తరగతి వారికి పరీక్షలు దగ్గర పడగానే సెలవు. పందేలు, డబ్బు అసలే వద్దు. క్యూబ్ కలిపితే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. ఓపికగా కూర్చోవడం, చెడిన దాన్ని మళ్లీ మొదటి నుండి కట్టడం మాత్రం అలవాటవుతాయి.

బయటి పోటీకి వెళ్లేటప్పుడు

రెండు నిమిషాల్లో సాల్వ్ చేయగలిగితే పోటీకి వెళ్లవచ్చు. సాధారణంగా ఒక ప్రయత్నానికి 10 నిమిషాల దాకా అనుమతిస్తారు. నిర్వాహకులు కొన్నిసార్లు దాన్ని తగ్గిస్తారు కాబట్టి ముందే చూసుకోవాలి. వయసు నిబంధన లేదు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, రుసుము ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు గుర్తింపు పత్రం, అందరూ తమ క్యూబ్ తీసుకెళ్లాలి.

అక్కడ ఖరీదైన బూట్లు వేసుకుని, అమ్మానాన్నలతో కారులో వచ్చిన పిల్లలు కనబడతారు. వారి చేతుల్లో అయస్కాంతాలున్న క్యూబ్‌లు ఉంటాయి. బెదరకండి. టేబుల్ మీద చేయి పెట్టాక టైమర్ ఎవరి ఊరూ, ఎవరి కులమూ, ఎవరి బడీ అడగదు. హాస్టల్లో పదిసార్లు జడ్జి ముందు చేసిన పిల్లవాడికి అక్కడ చేతులు వణకవు. మన ఆదివారం సాధనలో నియమాలు ఇంత పట్టుదలగా పాటించమనేది అందుకే.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, దండల ఖర్చులో కొంత మిగిల్చి అయిదారు క్యూబ్‌లు తెచ్చివ్వండి. రెండు మూడు వందల రూపాయల్లో చక్కగా తిరిగేవి దొరుకుతున్నాయి. వీలుంటే ఏడాదిలో ఒక్క జట్టునైనా ఛార్జీలు పెట్టి పోటీకి తీసుకెళ్లండి. అంతకంటే ముఖ్యంగా, ఒక ఆదివారం వచ్చి ఆ నలుగురిలో ఒకరిగా నేల మీద కూర్చోండి. గడియారం చూసే పని మీరు తీసుకుంటే, ఇంకో పిల్లవాడికి క్యూబ్ పట్టుకునే వంతు ముందుగా వస్తుంది.

– ఒక పూర్వ విద్యార్థి