పాత కేసు, కొత్త పాస్‌పోర్టు
స్వదేశీ చట్టం ఐదేళ్లకు మరిచిపోతుంది. విదేశీ వీసా ఫారం మాత్రం ఎన్నేళ్లయినా అడుగుతూనే ఉంటుంది

రాయపూర్‌లోని దేవేంద్ర నగర్‌లో స్థిరపడ్డ ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటి పెద్దకు పండ్రి బట్టల మార్కెట్లో దుకాణం. కొడుకు, కోడలు టొరంటోలో. మనవడి తొలి పుట్టినరోజుకు రమ్మని పిలుపొచ్చింది. కానీ ఆయన పాస్‌పోర్టు మాటెత్తితేనే మొహం చాటేస్తారు. పాతికేళ్ల కిందట స్థలం తగాదాలో కొట్లాటకు దిగి మూడు నెలలు జైల్లో ఉన్నారు. ఆ సంగతి కోడలికి తెలియదు. 'జైలుకెళ్లిన వాడికి పాస్‌పోర్టు ఎవరిస్తారు?' అన్నది ఆయన బెంగ.

ఆ బెంగలో సగం అక్కర్లేనిదే. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలోని 6వ సెక్షన్ శిక్ష పడిన ప్రతివారినీ జీవితాంతం వెలివేయదు. దరఖాస్తుకు ముందు ఐదేళ్ల లోపు, నైతిక పతనంతో కూడిన నేరంలో, కనీసం రెండేళ్ల జైలు శిక్ష పడి ఉంటేనే ఆ కారణంతో నిరాకరించవచ్చు. మూడు షరతులూ కలిసి ఉండాలి. మూడు నెలల శిక్ష, అదీ పాతికేళ్ల నాటిది, ఆ లెక్కలోకే రాదు. 2021లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఏడాది జైలు శిక్షపై అప్పీలు పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన పాస్‌పోర్టు రెన్యువల్ ఆపరాదని స్పష్టం చేసింది.

చిత్రమేమిటంటే, ముగిసిన కేసుకన్నా ముగియని కేసే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం అదే సెక్షన్ ఇచ్చింది. అయితే 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ఓ కిటికీ తెరిచింది. కేసు నడుస్తున్న కోర్టు విదేశానికి వెళ్లేందుకు అనుమతిస్తే, అది చెప్పిన గడువుకు పాస్‌పోర్టు ఇస్తారు. గడువు చెప్పకపోతే ఏడాదికి. కేవలం ఎఫ్ఐఆర్ నమోదైతే పెండింగ్ కేసు కాదని, కోర్టు కేసును విచారణకు స్వీకరించాకే ఈ అడ్డంకి వర్తిస్తుందని విదేశాంగ శాఖ 2019లో వివరణ ఇచ్చింది.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఊళ్లో పెద్దమనుషులు రాజీ కుదిర్చితే కేసు పోయిందనుకుంటారు. రాజీ కోర్టు రికార్డుకు ఎక్కకపోతే ఫైలు బతికే ఉంటుంది. పోలీసు వెరిఫికేషన్‌లో అది పైకి తేలుతుంది. అందుకే దరఖాస్తుకు ముందే తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవడం మేలు. శిక్ష ముగిసిందనో, కేసు కొట్టేశారనో చూపే ఆ కాగితమే శ్రీరామరక్ష. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు, అప్పీలుకు వెళ్లవచ్చు. 1977లో పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుని కారణం చెప్పనన్న ప్రభుత్వంపై మేనకా గాంధీ పోరాడారు. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, న్యాయమైన పద్ధతి లేకుండా దాన్ని హరించరాదని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ కేసులోనే.

పాస్‌పోర్టు చేతికొచ్చాక అసలు పరీక్ష. దాన్నిచ్చేది మన ప్రభుత్వం, లోపలికి రానిచ్చేది పరాయి ప్రభుత్వం. అమెరికా వీసా ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతుంది. క్షమాభిక్ష పొందినా చెప్పాల్సిందే. ఆస్ట్రేలియాలో మొత్తం ఏడాది, అంతకుమించి జైలు శిక్ష ఉంటే 'నడవడిక పరీక్ష'లో తప్పినట్లే. కెనడా కాస్త ఉదారం. తమ చట్టం ప్రకారం పదేళ్ల లోపు గరిష్ఠ శిక్షకు తగిన ఒకే ఒక్క నేరమై, శిక్ష పూర్తయి పదేళ్లు గడిచి, మళ్లీ తప్పు చేయకపోతే మనిషి మారినట్లే పరిగణిస్తుంది. చిన్న కొట్లాట సాధారణంగా ఈ కోవలోకే వస్తుంది.

కానీ దాస్తే కథ అడ్డం తిరుగుతుంది. తప్పుడు సమాచారమిస్తే కెనడా ఐదేళ్ల నిషేధం విధిస్తుంది. మన పాస్‌పోర్టు దరఖాస్తులో అబద్ధమాడితే రెండేళ్ల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాతికేళ్ల నాటి తప్పు అడ్డం కాకపోయినా ఈ రోజు చెప్పిన అబద్ధం అడ్డమవుతుంది.

బ్రిటన్‌లో 1974 నుంచే పాత శిక్షలను కొంతకాలానికి 'గడిచిపోయినవి'గా పరిగణించే చట్టం ఉంది. మన దేశంలో పెద్దలకు అలాంటి సాధారణ చట్టం లేదు. బాల నేరస్థులకు, ప్రొబేషన్‌పై విడుదలైన వారికి మాత్రం పాత శిక్ష అనర్హత కాకుండా రక్షణ ఉంది.

దేవేంద్ర నగర్ పెద్దాయన విషయానికొస్తే, పాస్‌పోర్టు ఫారం అడిగేది ఐదేళ్ల లోపు, రెండేళ్లు ఆ పైన పడిన శిక్ష గురించే. అక్కడ ఆయన 'లేదు' అని నిజాయితీగానే రాయొచ్చు. కెనడా వీసా ఫారంలో మాత్రం 'అవును' అనాలి. ఆ ఫారం నింపి పెట్టేది కోడలే. ప్రయాణానికి ముందు ఆయన నిజం చెప్పాల్సింది ఏ అధికారికో కాదు, ముందుగా ఆమెకే.