ఆ చిన్న బిళ్ళకు చీకటి పడిందని ఎలా తెలుస్తుంది?



ఫిబ్రవరి 28, నేషనల్ సైన్స్ డే. ఆ సందర్భంగా పెట్టే ఎగ్జిబిషన్‌లో ఏటా తప్పకుండా కనిపించే ప్రాజెక్టు ఆటోమేటిక్ వీధిదీపం. కిట్ కొంటే సాయంత్రానికల్లా మోడల్ సిద్ధం. చెయ్యి అడ్డం పెట్టగానే బల్బు వెలుగుతుంది, చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. "ఎలా వెలిగింది నాన్నా?" అని అడిగితే మాత్రం చాలామంది పిల్లలు "ఎల్‌డీఆర్ ఉంది మేడమ్" అని ఆగిపోతారు. పెద్ద క్లాసుల్లో కొందరైతే వీడియోలు చూసి, ఆ ఎల్‌డీఆర్ లోపలి పొరను ఇంట్లోనే తయారు చేస్తామంటున్నారు. వాళ్ళకు ఏం చెప్పాలో మీకు తెలియాలనే ఈ వ్యాసం.

కిట్‌లో చిన్న గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని ముఖం మీద పాములా మెలికలు తిరిగిన గీతే కాడ్మియం సల్ఫైడ్, ఒక సెమీకండక్టర్. చీకట్లో దానిలోని ఎలక్ట్రాన్లు కదలకుండా ఉంటాయి, కరెంటు దాదాపు పారదు. వెలుగు పడితే కొన్ని ఎలక్ట్రాన్లు విడివడి కరెంటుకు దారి ఇస్తాయి. చీకట్లో దాని నిరోధం దాదాపు 10 లక్షల ఓములు, ఎండలో కొన్ని వందలే. ఈ తేడాను గమనించి ట్రాన్సిస్టర్ బల్బును వెలిగిస్తుంది. ఇంకో విశేషం: మన కంటిలాగే ఈ పదార్థం కూడా ఆకుపచ్చ వెలుగుకు బాగా స్పందిస్తుంది. అందుకే మనకు చీకటి పడిందనిపించే వేళకే దానికీ చీకటి పడుతుంది.

అంగట్లో దొరికే బిళ్ళలకు ఎక్కువగా పొడిని ముద్దగా పూసి కాల్చుతారు. పరిశోధన ల్యాబుల్లో ఇదే పొరను నీళ్ళలో పెంచుతారు. అదెలాగో మన వంటింట్లోనే చూడొచ్చు. బోరు నీళ్ళు కాచే గిన్నెకు తెల్లటి పొర పడుతుంది కదా, మనకు అది రోజూ ఉండే తలనొప్పే. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం వేడికి కరగని సున్నపు పదార్థంగా మారి, కొంత అడుగున నలకలుగా చేరుతుంది, కొంత గిన్నె గోడకు అంటుకుంటుంది. ల్యాబులోనూ ఇంతే. కాడ్మియం లవణం, అమ్మోనియా, థయోయూరియా కలిపిన ద్రావణాన్ని 60 నుంచి 80 డిగ్రీల వేడిలో ఉంచి, అందులో గాజు పలకను నిలబెడతారు. థయోయూరియా నుంచి సల్ఫర్ మెల్లగా విడుదలవుతుంది. కాడ్మియాన్ని అమ్మోనియా పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. రెండూ ఒక్కసారిగా కలిస్తే పసుపు పొడి అయి అడుగుకు చేరుతుంది, పలకకు ఏమీ మిగలదు. నిదానంగా కలిస్తేనే గాజుకు పలుచటి పసుపు పొర పట్టుకుంటుంది. దాని మందం వెంట్రుకలో వెయ్యో వంతు మాత్రమే! ఖరీదైన వాక్యూమ్ యంత్రం అక్కర్లేదు. నైపుణ్యమంతా ఆ నిదానాన్ని అదుపులో పెట్టడంలోనే ఉంది.

ఈ పని ఎక్కడో విదేశాల్లోనే జరుగుతోందని మన పిల్లలు అనుకోనక్కర్లేదు. ఒంటిమిట్ట మీదుగా బస్సులు వెళ్ళే తిరుపతిలో, 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగం ఇలాంటి పొరల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. అక్కడి ప్రొఫెసర్ కె.టి. రామకృష్ణారెడ్డి బృందం వేడి గాజు మీద ద్రావణం చల్లి తగరపు సల్ఫైడ్ పొరలు వేసి, బ్రిటన్ పరిశోధకుడితో కలిసి 2006లో ఒక సోలార్ సెల్ ఫలితాన్ని ప్రచురించింది. సామర్థ్యం 1.3 శాతం. మన మిద్దెల మీది సిలికాన్ ప్యానెళ్ళు 20 శాతం దాకా ఇస్తాయి కాబట్టి ఇది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ తగరం, గంధకం విషపదార్థాలు కావు, వాటి కోసమే ఆ ప్రయత్నం. ఆ సెల్‌లో కూడా తగరపు పొరకు జతగా వేసింది కాడ్మియం సల్ఫైడే. దాన్ని పూర్తిగా వదిలించుకోవడం అంత తేలిక కాదన్నమాట.

ఎందుకు వదిలించుకోవాలంటే, కాడ్మియం క్యాన్సర్ కారకం. ఒంట్లోకి చేరితే మూత్రపిండాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఐరోపా యూనియన్ 2006 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని వాడకాన్ని కట్టడి చేసింది. అందుకే మీ అబ్బాయో అమ్మాయో కాడ్మియం లవణం కొనిపెట్టమంటే దయచేసి ఒప్పుకోకండి. "మిగతా పిల్లలు చేస్తున్నారు" అన్నా సరే. గ్లౌజులు, మాస్కు వేసుకున్నా ఇది వంటింట్లో చేసే పని కాదు. మిగిలిన పసుపు నీళ్ళను ఎక్కడ పారబోస్తారు? మన మోరీలోనే కదా. రెడీమేడ్ బిళ్ళతో భయం లేదు, దాన్ని పగలగొట్టకుండా, కాల్చకుండా ఉంటే చాలు. విరిగినవి చెత్తలో వేయకుండా స్కూలుకు పంపండి.

వద్దన్నాక పిల్లల ముఖం చిన్నబోతుంది, అది మాకూ తెలుసు. అప్పుడు ఒక మల్టీమీటర్ చేతికివ్వండి. ఎల్‌డీఆర్ కాళ్ళకు తగిలించి ఎండలో, వేపచెట్టు నీడలో, ట్యూబులైటు కింద ఓములు రాసుకోమనండి. మన కోదండరామస్వామి కల్యాణం జరిగేది వెన్నెల్లోనే కదా, ఆ వెన్నెల్లోనూ ఒకసారి కొలవమనండి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది, పున్నమి వెన్నెల సుమారు పావు లక్సు. మన కన్ను రెండింటిలోనూ చూడగలదు. బిళ్ళ ఏమంటుందో పిల్లలే గ్రాఫ్ గీసి తేవాలి. ఈసారి ఎగ్జిబిషన్‌లో కిట్ పక్కన ఆ గ్రాఫ్ ఉన్న ప్రాజెక్టు దగ్గర మేము కాసేపు ఎక్కువ నిలబడతాం.