సోలార్ ప్లేటు ఎంత? డబ్బా ఎంత?



మా మండలంలో అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడ ఒక అక్క చిన్న కిరాణం నడుపుతది. ఆమె ఇంటి మీద 100 వాట్ల సోలార్ ప్లేటు ఉంది. దానితో మూడు లైట్లు, ఒక చిన్న ఫ్యాను, ఫోను ఛార్జింగు నడుస్తయి. వానకాలం మొగులు పట్టిందంటే రాత్రి ఎనిమిది గాకముందే లైట్లు గుడ్డిదీపాలు అయ్యేవి. బేరం ఆగిపోయేది. పిల్లల చదువు ఆగిపోయేది.

ఆమె సంఘంలో అప్పు తీసుకుంది. ఇంకో 100 వాట్ల ప్లేటు కొన్నది. బిగించడానికి వచ్చినాయన దాన్ని పాత డబ్బాకే కలిపి పోయిండు. నాలుగు రోజులు మొగులే. లైట్లు మంచిగ వెలిగినయి. ఐదో రోజు ఎండ ఫెళ్ళున కాసింది. మధ్యాహ్నానికి డబ్బా కాలిన వాసన వచ్చింది.

"ప్లేటు పెంచితే కరెంటు పెరుగుతదన్నరు గద బిడ్డా! మరి డబ్బా ఎందుకు కాలింది?" అని నన్ను అడిగింది.

ఆ డబ్బా పేరు ఛార్జి కంట్రోలర్. అది ప్లేటుకూ బ్యాటరీకీ నడుమ ఉంటది. చెరువుకు తూము ఉన్నట్టు అనుకోండి. బ్యాటరీకి ఎంత కావాలో అంతే పోనిస్తది. నిండినంక ఆపుతది. తూము చిన్నది, వరద పెద్దది అయితే ఏమైతది? తూమే కొట్టుకపోతది. మొగులు ఉన్నప్పుడు రెండు ప్లేట్ల నుంచి కొంచెం కరెంటే వచ్చింది. అందుకే నాలుగు రోజులు ఏమీ కాలేదు. ఎండ కొట్టంగనే వరద వచ్చింది.

మరి ఎంత వరద వస్తదో ముందే తెలిసేది ఎట్ల?

ప్లేటును తిరగేయండి. వెనక ఒక చీటీ అంటించి ఉంటది. అది ఇంగ్లీషులో ఉంటది. భయపడకండి. అంకెలు మనం బస్సు మీద చదివే అంకెలే. ఇంగ్లీషు 'వి' అక్షరం పక్కన చిన్నగ 'ఓ సి' అని ఉంటే అవి ఎక్కువలో ఎక్కువ వోల్టులు. 'ఐ' పక్కన చిన్నగ 'ఎస్ సి' అని ఉంటే అవి ఎక్కువలో ఎక్కువ ఆంపులు. వోల్టు అంటే నీటి ఒత్తిడి లాంటిది. ఆంపు అంటే పారే నీళ్ళ లెక్క.

అక్క ప్లేటు మీద 22 వోల్టులు, 6 ఆంపులు అని ఉన్నయి. డబ్బా మీద 10 ఆంపులు అని ఉంది. ఒక్క ప్లేటు ఉన్నప్పుడు 6 ఆంపులు. దానికి పావు వంతు ఎక్కువ కలుపుకోవాలి. ఎందుకంటే మొగులు పక్కకు జరిగి ఎండ ఒక్కసారి మెరిసినప్పుడు చీటీ మీద ఉన్నదాని కన్నా ఎక్కువ రావచ్చు. 6కు పావు కలిపితే ఏడున్నర. 10 ఆంపుల డబ్బా సరిపోయింది. రెండు ప్లేట్లు పక్కపక్కన కలిపితే 12 ఆంపులు. పావు కలిపితే 15. 10 ఆంపుల డబ్బా ఎట్ల ఆగుతది? 20 ఆంపుల డబ్బా కావాలి.

రెండో ప్లేటు కొనుడు తప్పు కాదు. లెక్క చూడండి. 5 వాట్ల లైట్లు మూడు, ఐదు గంటలు వెలిగితే 75. 15 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 120. ఫోనుకు 15. మొత్తం 210. 100 వాట్ల ప్లేటు సాదా డబ్బాతో సుమారు 70 వాట్లే ఇస్తది. నాలుగు గంటల మంచి ఎండకు 280. దారిలో, బ్యాటరీలో కొంత పోతది. 220 దాకా మిగులుతది. ఎండ రోజున బొటాబొటి సరి. మొగులు రోజున అందులో సగం కూడా రాకపోవచ్చు. అందుకే ఆమెకు రెండో ప్లేటు కావాల్సిందే. ఆమె బ్యాటరీ 100 ఆంపు గంటలది. దానికి 10, 11 ఆంపులు పోతే మంచిదే.

సాదా డబ్బాను పీడబ్ల్యూఎం అంటరు. ఎంపీపీటీ అని ఇంకో రకం ఉంది. అది ఎక్కువ ఉన్న వోల్టులను ఆంపులుగ మారుస్తది. 30 వాట్లు వృథా పోకుండ చాలా వరకు కాపాడుతది. కాని ధర ఎక్కువ.

ఇగ వోల్టుల సంగతి. రెండు ప్లేట్లను ఒకదాని వెనక ఒకటి కలిపితే ఆంపులు పెరగవు, వోల్టులు పెరుగుతయి. 22కు 22, 44. డబ్బా ఎన్ని వోల్టులు ఆగుతదో దాని మీదనే రాసి ఉంటది. కొన్ని 25, కొన్ని 50. ఇక్కడ మన ఆదిలాబాదు చలి లెక్కలోకి వస్తది. చీటీ మీద ఉన్న వోల్టులు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. చలి పెరిగితే వోల్టులు పెరుగుతయి. 10 డిగ్రీలు తగ్గితే నూటికి సుమారు మూడు పెరుగుతయి. పుష్యమాసం తెల్లవారుజామున ఇక్కడ 5 డిగ్రీలకు దిగుతది. అప్పుడు 44 దాదాపు 47 అయితది. 50 వోల్టుల డబ్బా అయితే ఆగుతది. 45 వోల్టుల దగ్గరనే ఆగే డబ్బా అయితే చలికాలం పొద్దున పాడైతది.

ఎండ మండితే కరెంటు ఎక్కువ వస్తదని చాలామంది అనుకుంటరు. కాదు. ప్లేటుకు వెలుగు కావాలి, వేడి వద్దు. వైశాఖంలో ప్లేటు కాలి వోల్టులు తగ్గుతయి. రామగుండంలో ఎన్టీపీసీ చెరువు మీద నీళ్ళలో తేలే ప్లేట్లు పరిచిండ్రు. 2022 జూలై 1 నుంచి మొత్తం 100 మెగావాట్లు నడుస్తున్నది. కింద నీళ్ళు ఉండుట వల్ల ఆ ప్లేట్లు కొంత చల్లగ ఉంటయి. మన ఇంటి మీద కూడా ప్లేటును రేకుకు అతికించకండి. గాలి ఆడేటట్టు కింద జానెడు సందు ఉంచండి.

అక్క ఇప్పుడు 20 ఆంపుల డబ్బా పెట్టుకుంది. తీగలు కూడా లావువి వేయించింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టించింది. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ తీగలు డబ్బాకు కలపాలి, తర్వాత ప్లేటు తీగలు. విప్పేటప్పుడు ముందు ప్లేటు తీగలు తీయాలి, చివర బ్యాటరీవి.